బిట్‌కాయిన్‌తో అమ్మానాన్నల టికెట్లు: కొనుగోలు నుంచి పన్ను లెక్క దాకా నా అనుభవం

ఖమ్మంలో ఉండే మా అమ్మానాన్నలను డల్లాస్‌కు పిలిపించుకోవడానికి 2025 జనవరిలో కొన్న విమాన టికెట్లకు నేను బిట్‌కాయిన్‌తో డబ్బు కట్టాను. టికెట్లు కొనడం, ఎయిర్‌లైన్ వేళలు మార్చడంతో వాటిని వదులుకోవాల్సి రావడం, డబ్బు వెనక్కి రావడం, మరుసటి ఏడాది పన్ను పత్రాల్లో ఆ లెక్కంతా చూపడం పూర్తయ్యాక ఇది రాస్తున్నాను. క్రిప్టోతో ప్రపంచమంతా చుట్టి రావచ్చని చెప్పే ప్రకటనలు చాలానే కనిపిస్తాయి గానీ, చెల్లింపుకు ముందు వేసుకోవలసిన లెక్క గురించీ, చెల్లించాక ఏదైనా తేడా వస్తే పడవలసిన తిప్పల గురించీ వాటిలో ఒక్క ముక్క ఉండదు.

నా దగ్గర బిట్‌కాయిన్ ఎలా వచ్చిందో ముందు చెప్పాలి, ఎందుకంటే తరువాతి లెక్కలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. 2020లో కరోనా వల్ల ఇంటి నుంచి పని చేస్తున్న రోజుల్లో, మా ఆఫీసులో అందరూ దాని గురించే మాట్లాడుకుంటుంటే, జీతంలోంచి నెలనెలా కొంత మొత్తానికి కొనడం మొదలుపెట్టాను. ఆ అక్టోబరులో ఒక బిట్‌కాయిన్ ధర 12 వేల డాలర్ల దరిదాపుల్లో ఉండేది. నేను చివరిగా కొన్న 2021 నవంబరుకు అది 60 వేలు దాటింది. ఎక్స్‌ఛేంజీలో, అంటే క్రిప్టో కొనీ అమ్మే సైటులో, ఉంచడం ఇష్టం లేక, కొన్నవన్నీ ఒక హార్డ్‌వేర్ వాలెట్‌లోకి, అంటే వాటి రహస్య తాళాలను దాచే చిన్న పరికరంలోకి, మార్చి బీరువాలో పెట్టాను. మావారికి ఈ వ్యవహారం మొదటి నుంచీ నచ్చలేదు. 2008లో సతోషీ నకమోటో పేరుతో వెలువడిన పత్రం దీన్ని ఎలక్ట్రానిక్ నగదుగానే వర్ణించినా, నాకు తెలిసిన వాళ్లెవరూ దీనితో కనీసం కాఫీ కూడా కొన్న పాపాన పోలేదు. ఒక పెద్ద ఖర్చుకు దీన్ని వాడి చూడాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉండేది. అమ్మానాన్నలకు వీసాలు రావడంతో ఆ ఖర్చు ఎదురైంది.

హైదరాబాదు నుంచి డల్లాస్‌కు టికెట్లు అమ్మే ఎయిర్‌లైన్ల సొంత సైట్లు వేటిలోనూ అప్పటికి నాకు బిట్‌కాయిన్‌తో కట్టే వీలు కనిపించలేదు. విమానయాన రంగానికి ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో చీప్‌ఎయిర్ అనే టికెట్ల సైటు 2013 నుంచే బిట్‌కాయిన్ తీసుకుంది. ఎక్స్‌పీడియా 2014లో హోటళ్ల వరకు మొదలుపెట్టి 2018లో మానేసింది. లాత్వియాకు చెందిన ఎయిర్‌బాల్టిక్ కూడా 2014లోనే బిట్‌కాయిన్‌కు టికెట్లు అమ్మింది. అయినా పదేళ్ల తరువాత కూడా మామూలు ప్రయాణికుడికి ఎక్కువగా మిగిలిన దారి మధ్యవర్తి సైట్లే. అలాంటి సైటులో మనం బిట్‌కాయిన్ పంపినప్పుడు, చెల్లింపులు నడిపే మరో సంస్థ దాన్ని అప్పటికప్పుడు డాలర్లుగా మార్చి సైటు ఖాతాలో వేస్తుంది. సైటు ఆ డాలర్లతో, ఏ ట్రావెల్ ఏజెంటైనా చేసినట్టే, ఎయిర్‌లైన్ దగ్గర టికెట్ తీస్తుంది. మన చేతిలోంచి కదిలినది బిట్‌కాయిన్ అన్న సంగతి ఎయిర్‌లైన్‌కు తెలియనే తెలియదు. కొనేటప్పుడు దీనివల్ల ఇబ్బందేమీ రాలేదు, కానీ టికెట్లు రద్దు చేసుకోవలసి వచ్చినప్పుడు మొత్తం వ్యవహారం ఈ ఒక్క విషయం దగ్గరే చిక్కుపడింది.

ధరలు మూడు చోట్ల చూశాను. డల్లాస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో మా తెలుగువాళ్లందరికీ టికెట్లు తీసే ఏజెంటు చెప్పిన ధర అన్నిటికంటే తక్కువ, ఎయిర్‌లైన్ సొంత సైటులో ఎక్కువ, క్రిప్టో తీసుకునే సైటులో ఆ రెండింటికీ మధ్యన ఉంది. మా ఏజెంటును బిట్‌కాయిన్ తీసుకుంటారా అని అడిగితే, ‘‘ఆ బిట్‌కాయిన్ గిట్‌కాయిన్ మనకొద్దక్కా, జెల్ చేసెయ్’’ అన్నాడు. జెల్ అంటే ఇక్కడ బ్యాంకు ఖాతా నుంచి మరో ఖాతాకు నేరుగా డబ్బు పంపే సేవ. దాని ద్వారా పంపిన డబ్బును కూడా తిరిగి రప్పించుకోవడం దాదాపు అసాధ్యమే కాబట్టి, ఆ విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదని నేను అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఒక తేడా ఉంది: ఏజెంటు దుకాణం మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉంటుంది, అడగవలసినది అతని ముందు కూర్చుని అడగవచ్చు.

ఇద్దరికీ కలిపి రానూపోనూ టికెట్లు సుమారు 3,000 డాలర్లు. బిట్‌కాయిన్ ధర అప్పుడు లక్ష డాలర్ల దరిదాపుల్లో ఉంది కనుక, 0.03 బిట్‌కాయిన్ ఖర్చు అవుతుంది. సైటు మీట నొక్కేముందు పన్ను లెక్క వేసుకోవలసి వచ్చింది. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2014లో ఇచ్చిన ప్రకటన ప్రకారం క్రిప్టో కరెన్సీ అనేది ఆస్తి, డబ్బు కాదు. ఆస్తిని ఇచ్చి ఏదైనా కొంటే, దాన్ని ఆ రోజు ధరకు అమ్మేసినట్టే లెక్క. కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీద లాభపన్ను కట్టాలి. విదేశీ కరెన్సీని సొంత అవసరాలకు ఖర్చు పెట్టినప్పుడు మారకపు రేటు వల్ల వచ్చే లాభం 200 డాలర్ల లోపు ఉంటే పట్టించుకోనవసరం లేదన్న వెసులుబాటు ఇక్కడి చట్టంలో ఉంది గానీ, క్రిప్టోను కరెన్సీగా గుర్తించరు కాబట్టి ఆ వెసులుబాటు దీనికి వర్తించదు. కాఫీ కొన్నా లెక్క చూపవలసిందే.

2020 అక్టోబరులో 12 వేల డాలర్ల ధరకు కొన్న ముక్కలను ఈ టికెట్లకు వాడితే, వాటికి నేను అప్పుడు పెట్టినది 360 డాలర్లు మాత్రమే. మిగిలిన 2,640 లాభం. ఏడాదికి పైగా ఉంచుకున్న ఆస్తి కాబట్టి మా ఆదాయ స్థాయికి 15 శాతం పన్ను, అంటే 396 డాలర్లు. మూడు వేల టికెట్లు నిజానికి మూడు వేల నాలుగు వందలవుతాయన్నమాట. 2021 నవంబరులో 60 వేలకు కొన్న ముక్కలను వాడితే లాభం 1,200కు, పన్ను 180కి తగ్గుతుంది. ఏ ముక్కలను ఖర్చు పెడుతున్నామో గుర్తించి, ఆ సంగతి లావాదేవీకి ముందే నమోదు చేసుకుంటే, ఎంచుకునే హక్కు మనకు ఉంది. పెళ్లినాటి గొలుసు ఉంచుకుని నిరుడు కొన్న గొలుసును అమ్మినట్టు, నేను ఎక్కువ ధరకు కొన్నవాటిని ఎంచుకున్నాను. 2025 జనవరి 1 నుంచి కొన్న ధరల లెక్కను ఒక్కొక్క వాలెట్‌కు విడివిడిగా రాయాలన్న నియమం వచ్చింది. నావన్నీ ఒకే వాలెట్‌లో ఉండడం వల్ల నాకు దానితో చిక్కు రాలేదు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడం మరో ఊరట. ఈ లెక్కలన్నీ చూసిన మావారు, ‘‘క్రెడిట్ కార్డు గీకితే ఈ గోలేమీ ఉండేది కాదు కదా’’ అన్నారు. ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు, కానీ వెనక్కి తగ్గాలనీ అనిపించలేదు.

చెల్లించే రోజు శనివారం ఉదయం పెట్టుకున్నాను. ప్రయాణికుల పేర్లు పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఇంటిపేరుతో సహా నమోదు చేసి, చక్రాల కుర్చీ అవసరమని టిక్కు పెట్టి, బిట్‌కాయిన్ ఎంచుకోగానే కొత్త పేజీ తెరుచుకుంది. అందులో ఒక క్యూఆర్ కోడ్, దాని కింద పొడవైన చిరునామా, దశాంశ బిందువు తరువాత ఎనిమిది అంకెల వరకు రాసిన బిట్‌కాయిన్ మొత్తం, పైన పదిహేను నిమిషాల నుంచి వెనక్కి లెక్కపెడుతున్న గడియారం ఉన్నాయి. ధర క్షణక్షణం మారుతుంది కనుక, ఆ పదిహేను నిమిషాల వరకే వాళ్లు ఆ రేటుకు కట్టుబడి ఉంటారు. గడువు దాటాక చేరిన డబ్బునూ, ఒక్క పిసరు తక్కువగా చేరిన డబ్బునూ టికెట్‌కు జమ చేయరు; దాన్ని వెనక్కి తెప్పించుకోవడం మరో అధ్యాయం. ఎక్స్‌ఛేంజీ ఖాతా నుంచి నేరుగా ఇలాంటి చిరునామాకు పంపకూడదని చెప్పేది ఇందుకే: కొన్ని ఎక్స్‌ఛేంజీలు తమ రుసుమును పంపిన మొత్తంలోంచే మినహాయిస్తాయి, కొన్ని భద్రతా పరిశీలన పేరుతో గంటల తరబడి ఆపుతాయి. సొంత వాలెట్ అయితే రుసుము విడిగా పోతుంది, చేరవలసిన మొత్తం చేరుతుంది.

సాధారణంగా కొత్త చిరునామాకు పెద్ద మొత్తం పంపేముందు కొద్దిగా పంపి చూడడం నా అలవాటు. ఈ పద్ధతిలో అది కుదరదు, మొత్తం ఒకే దఫాలో వెళ్లాలి. అందుకని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేశాక, కంప్యూటర్ తెర మీది చిరునామానూ, హార్డ్‌వేర్ వాలెట్ మీద ఉండే అగ్గిపెట్టెలో సగమంత తెర మీద కనిపించే చిరునామానూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్క అక్షరం చదివాను. మనం కాపీ చేసిన చిరునామాను నిశ్శబ్దంగా మార్చేసే దొంగ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు అచ్చం అలాగే ఉండేలా నకిలీ చిరునామాలు తయారుచేసి పంపేవాళ్లూ ఉన్నారు. వాలెట్ తెర చిన్నది కావడంతో చిరునామా ఒకేసారి కనిపించదు, మీట నొక్కుతూ ముక్కలుముక్కలుగా చూడాలి. నేను చదువుతుంటే మావారు పెన్సిలుతో కాగితం మీద సరిచూశారు. ఈలోగా గడియారంలో తొమ్మిది నిమిషాలే మిగిలాయి.

తరువాత రుసుము. బిట్‌కాయిన్ నెట్‌వర్కులో రుసుము పంపే మొత్తాన్ని బట్టి ఉండదు, ఆ లావాదేవీ ఎన్ని బైట్ల చోటు తీసుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. నెలనెలా కొద్దికొద్దిగా కొన్నందువల్ల నా వాలెట్‌లో ఉన్నది ఒక పెద్ద నోటు కాదు, చిల్లర, 0.03 కూడబెట్టడానికి చాలా ముక్కలను ఒకచోట చేర్చవలసి వచ్చింది. అదే మొత్తాన్ని ఒకే ముక్కగా ఉంచుకున్నవారికంటే నా లావాదేవీ అనేక రెట్లు పెద్దదయింది. అదృష్టవశాత్తు ఆ రోజుల్లో నెట్‌వర్కు రద్దీ తక్కువగా ఉండడంతో ఖర్చు కొద్ది డాలర్లతో పోయింది. 2024 ఏప్రిల్‌లో హాల్వింగ్ (కొత్త బిట్‌కాయిన్ల జారీ సగానికి తగ్గడం) జరిగిన రోజున రుసుములు ఆకాశాన్ని అంటినప్పుడైతే ఇంత చిల్లరతో చెల్లించడం వట్టి దండుగ అయ్యేది. రుసుమును వాలెట్ సూచించినదానికంటే కాస్త ఎక్కువగానే పెట్టి పంపాను. కొన్ని సెకన్లలోనే సైటు పేజీ మీద ‘చెల్లింపు కనిపించింది, ధ్రువీకరణ కోసం వేచి ఉండండి’ అన్న సందేశం వచ్చింది. బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకు ఒక బ్లాకు, అంటే ధ్రువీకరించిన లావాదేవీల కట్ట, తయారవుతుంది గానీ, అది సగటు మాత్రమే. ఆ ఉదయం మొదటి బ్లాకు రావడానికే అరగంటకు పైగా పట్టింది. ఆ అరగంటలో డబ్బు మా దగ్గరా లేదు, వాళ్లకూ పూర్తిగా అందలేదు.

మధ్యాహ్నానికి మెయిల్ వచ్చింది. మన వాళ్లు చాలామంది ఆరు అక్షరాల పీఎన్‌ఆర్ రాగానే టికెట్ చేతికి వచ్చినట్టే భావిస్తారు. పీఎన్‌ఆర్ అనేది సీటు పట్టి ఉంచినట్టు మాత్రమే. డబ్బు ఎయిర్‌లైన్‌కు చేరి టికెట్ జారీ అయిందనడానికి గుర్తు పదమూడు అంకెల టికెట్ నంబరు. మధ్యవర్తి సైట్ల దగ్గర ఈ రెండింటికీ మధ్య ఎడం రావడం సాధారణం కాబట్టి, ఎయిర్‌లైన్ సొంత సైటులోకి వెళ్లి ఆ నంబరు చూసేవరకు నేను ఖమ్మానికి ఫోన్ చేయలేదు. చేశాక అమ్మ మొదట అడిగినది, ‘‘పైసలు ఎట్ల కట్టినవ్ బిడ్డా?’’ అని. చెప్పాను. కాసేపు ఆగి, ‘‘కార్డు చూపియ్యమంటే ఏం జెయ్యాలె?’’ అంది. అది అమాయకపు ప్రశ్న కాదు. వేరొకరి కార్డుతో కొన్న టికెట్ల విషయంలో కొన్ని ఎయిర్‌లైన్లు చెకిన్ దగ్గర ఆ కార్డును గానీ దాని నకలును గానీ చూపమంటాయి. మా పెద్దనాన్న వాళ్లకు శంషాబాదులో ఒకసారి ఆ అనుభవం ఎదురైంది. ఈ పద్ధతిలో అసలు కార్డే లేదు కనుక ఆ బెడద లేదని చెప్పి ఆమెను సమాధానపరిచాను.

మార్చిలో ఎయిర్‌లైన్ నుంచి మెయిల్ వచ్చింది. మొదటి విమానం వేళ మారడంతో మధ్యలో మారవలసిన విమానం అందదనీ, అమ్మానాన్నలను మరునాటి విమానానికి మార్చామనీ అందులోని సారాంశం. డెబ్భై దాటిన ఇద్దరు, ఇంగ్లీషు అంతగా రానివాళ్లు, పరాయి దేశపు విమానాశ్రయంలో రాత్రంతా గడపడం మాకు సమ్మతం కాలేదు. అమెరికా రవాణా శాఖ 2024లో తెచ్చిన నియమం ప్రకారం, అమెరికాకు వచ్చే లేదా అమెరికా నుంచి వెళ్లే అంతర్జాతీయ ప్రయాణం ఆరు గంటలు లేదా అంతకు మించి ముందుకో వెనక్కో జరిగితే, దాన్ని అంగీకరించని ప్రయాణికుడికి డబ్బు వాపసు పొందే హక్కు ఉంది. క్రెడిట్ కార్డుతో కొన్నవారికి ఏడు పనిదినాల్లో, మరే పద్ధతిలో కట్టినవారికైనా ఇరవై రోజుల్లో, కట్టిన రూపంలోనే డబ్బు తిరిగి ఇవ్వాలి; మనం ఒప్పుకుంటే తప్ప ట్రావెల్ క్రెడిట్ అంటగట్టకూడదు.

నియమం స్పష్టంగానే ఉంది గానీ, దాన్ని బిట్‌కాయిన్‌కు వర్తింపజేయడం దగ్గర చిక్కు వచ్చింది. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేస్తే, టికెట్ కొన్నది ఏజెన్సీ కనుక డబ్బు వాళ్లకే తిరిగి ఇస్తామన్నారు. ఏజెన్సీకి రాస్తే, ఎయిర్‌లైన్ నుంచి డబ్బు రావాలనీ, ఈలోగా అంతే విలువకు ట్రావెల్ క్రెడిట్ ఇస్తామనీ జవాబు వచ్చింది. ఎవరు తిరిగి ఇవ్వాలన్నది ఆ నియమంలో ఉంది: ప్రయాణికుడి దగ్గర డబ్బు వసూలు చేసినది ఎవరో వాళ్లే. అది ఎవరన్నది మన బ్యాంకు, కార్డు స్టేట్‌మెంటులో ఎవరి పేరు పడిందన్న దాన్ని బట్టి తేల్చమంటుంది. నాకు స్టేట్‌మెంటు ఎక్కడిది? నా దగ్గర ఉన్నదల్లా బ్లాక్‌చెయిన్ (లావాదేవీలన్నీ నమోదయ్యే బహిరంగ చిట్టా) మీద ఒక లావాదేవీ సంఖ్య, ఒక చిరునామా. ఆ చిరునామా ఎవరిదో దాని మీద రాసి ఉండదు. చెల్లింపు సంస్థ పంపిన రసీదును నేను ఆ రోజే పీడీఎఫ్‌గా దాచుకోవడం ఇక్కడ పనికి వచ్చింది. అందులో ఏజెన్సీ పేరు, బుకింగ్ సంఖ్య, డాలర్ల మొత్తం, లావాదేవీ సంఖ్య నాలుగూ ఒకే చోట ఉన్నాయి. దాన్ని జతచేసి, నియమాన్ని ఉటంకించి, క్రెడిట్ నాకు అక్కర లేదని స్పష్టంగా రాశాను. కార్డుతో కట్టి ఉంటే ఈ దశలో బ్యాంకుకు ఫోన్ చేసి ఆ మొత్తాన్ని వివాదంలో పెట్టి ఊరుకునేవాళ్లం. 1974 నాటి చట్టం నుంచి కార్డుదారులకు ఆ రక్షణ ఉంది. ఇక్కడ మన తరఫున మాట్లాడే బ్యాంకు లేదు.

వాళ్ల జవాబుల మధ్య వారాలు గడిచాయి. ఇరవై రోజుల గడువు దాటాక, రవాణా శాఖ సైటులో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరు పెట్టి మళ్లీ రాశాను. ఆ తరువాత కదలిక వచ్చింది. వాపసు పత్రం నింపమన్నారు. కట్టిన రూపంలోనే ఇవ్వాలన్న మాటకు వాళ్ల షరతుల్లో అర్థం వేరుగా ఉంది: 0.03 బిట్‌కాయిన్ తిరిగి ఇవ్వరు, కొన్న రోజున దాని డాలరు విలువ ఎంతో అంత మొత్తాన్ని, తమ సేవా రుసుము మినహాయించుకుని, యూఎస్‌డీసీగా పంపుతారు. యూఎస్‌డీసీ అంటే ఒక్కొక్కటి ఒక డాలరుకు సమానంగా ఉండేలా నడిపే స్టేబుల్‌కాయిన్. నాణేలు తిరిగి ఇవ్వకపోవడం అన్యాయమని మొదట అనిపించింది. కానీ నేను కొన్న జనవరిలో లక్ష దరిదాపుల్లో ఉన్న బిట్‌కాయిన్, ఏప్రిల్ మొదటి వారంలో 80 వేలకు దిగువకు పడింది. నాణేలే తిరిగి వచ్చి ఉంటే ఆ రోజున నాకు అందేది 2,400 డాలర్ల సరుకు మాత్రమే. డాలరు విలువకు కట్టుబడడం ఆ వారానికి నాకే లాభించింది. ధర పెరిగిన రోజుల్లో ఇదే షరతు ఎదురు తిరుగుతుంది.

వాపసు పత్రంలో వాలెట్ చిరునామాతో పాటు నెట్‌వర్కు ఏదో ఎంచుకోమన్నారు. యూఎస్‌డీసీ అనేక నెట్‌వర్కుల మీద ఉంటుంది. ఎథీరియం, సొలానా, బేస్ అందులో కొన్ని. ఎథీరియం, బేస్ చిరునామాలు రెండూ ‘0ఎక్స్’ అనే మొదలవుతాయి కాబట్టి, ఒకదాని బదులు మరొకటి ఎంచుకున్నా ఆ పత్రం ఎర్రజెండా ఊపదు. రుసుము సెంటు లోపే ఉంటుందని సొలానా ఎంచుకున్నాను. డబ్బు ఏప్రిల్ చివరన వచ్చింది. ఈలోగా మేము చేతులు కట్టుకుని కూర్చోలేదు. వేసవి టికెట్ల ధరలు పెరిగిపోతున్నాయని భయపడి, వేరే ఎయిర్‌లైన్ సైటులోనే క్రెడిట్ కార్డుతో కొత్త టికెట్లు కొన్నాం. ఆలస్యం వల్ల అదనంగా పడిన ఖర్చును ఎవరూ ఇవ్వలేదు. అమ్మానాన్నలు మే చివరన క్షేమంగా దిగారు.

తిరిగి వచ్చిన యూఎస్‌డీసీలో కొంత అదే వేసవిలో శాన్ ఆంటోనియోలో హోటల్‌కు వాడాను. స్టేబుల్‌కాయిన్‌తో అనుభవం పూర్తిగా వేరు. గడియారం ఉన్నా ధర మారుతుందన్న కంగారు లేదు, కొన్న ధరా ఖర్చు పెట్టిన ధరా ఒకటే కాబట్టి పన్ను లేదు, రెండు మూడు సెకన్లలో డబ్బు చేరింది. అయితే హోటల్ కౌంటర్ దగ్గర గది అద్దె మొత్తం ముందే కట్టామని చూపినా, గదిలో ఏదైనా పాడైతే దానికి హామీగా క్రెడిట్ కార్డు ఇవ్వమన్నారు. కార్డు లేకుండా తిరగవచ్చన్న మాట ఆ కౌంటర్ దాకానే.

ఆ ఏడాది ప్రయాణ రంగంలో కొత్త వార్తలు వచ్చాయి. మేలో భూటాన్, బైనాన్స్ అనే ఎక్స్‌ఛేంజీకి చెందిన చెల్లింపుల సేవ బైనాన్స్ పే, అక్కడి డీకే బ్యాంకు కలిసి పర్యాటకులు క్రిప్టోతో చెల్లించే ఏర్పాటును దేశం మొత్తానికి తెచ్చాయి; వ్యాపారికి మాత్రం స్థానిక కరెన్సీ నుల్‌ట్రమ్ చేరుతుంది. మన వాళ్లు భూటాన్ వెళ్తే దాని అవసరం ఉండదనుకుంటాను, ఎందుకంటే నుల్‌ట్రమ్ విలువ మన రూపాయితో సమానం, యూపీఐ కూడా అక్కడ 2021 నుంచే పని చేస్తోంది. జూలైలో ఎమిరేట్స్ విమాన సంస్థ క్రిప్టో చెల్లింపుల కోసం క్రిప్టో డాట్ కామ్ అనే ఎక్స్‌ఛేంజీతో ఒప్పందపత్రం కుదుర్చుకుంది. అదే నెలలో అమెరికాలో స్టేబుల్‌కాయిన్లకు మొదటి సమగ్ర చట్టం వచ్చింది. ఎయిర్‌లైన్లే నేరుగా తీసుకునే రోజు వస్తే, నేను పడిన రెండు వైపుల తిప్పలో ఒక వైపైనా తగ్గుతుంది. హైదరాబాదులో ఉండే మా తమ్ముడు ఇది విని తానూ ప్రయత్నిస్తానన్నప్పుడు మాత్రం వద్దన్నాను. భారతదేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద నేరుగా 30 శాతం పన్ను, దాని మీద సెస్సు, ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొక దాని లాభంలో తగ్గించుకునే వీలు లేకపోవడం, జూలై నుంచి బదిలీల మీద ఒక శాతం టీడీఎస్ అమలులో ఉన్నాయి. నాకు 180 డాలర్లయిన పన్ను, అదే లాభం మీద అతనికి దాదాపు 375 డాలర్లవుతుంది.

ఈ ఏడాది పన్ను పత్రాలు నింపేటప్పుడు, ఆదాయపు పన్ను పత్రమైన ఫారం 1040 మొదటి పేజీలోనే ఉండే డిజిటల్ ఆస్తుల ప్రశ్నకు ‘అవును’ అని గుర్తు పెట్టి, ఆస్తుల అమ్మకాలు చూపే ఫారం 8949లో ఆ లావాదేవీని చూపాను. టికెట్లు రద్దయినా, డబ్బు తిరిగి వచ్చినా, జనవరిలో బిట్‌కాయిన్ నా చేయి దాటిన మాట నిజమే కాబట్టి ఆ లాభం మీద పన్ను కట్టవలసే ఉంటుందని మా పన్ను లెక్కలు చూసే సీపీఏ (అకౌంటెంట్) గారు చెప్పారు. నేను వాడిన ముక్కలు ఒకే రోజు కొన్నవి కావు గనుక అవి ఒక్కొక్కటి ఒక్కొక్క వరుసగా పడ్డాయి. చెల్లింపుతో పాటు నెట్‌వర్కు రుసుముగా పోయిన చిన్న మొత్తానికీ లెక్క చెప్పాలి. హోటల్‌కు ఇచ్చిన యూఎస్‌డీసీకి కూడా ఒక వరుస రాసి, లాభం గడిలో సున్నా వేశాం. ఆయన మామూలు ఫీజుకు క్రిప్టో కాగితాల పేరిట మరికొంత కలిపారు.

వచ్చే వేసవికి మా అత్తమామలను పిలిపిస్తున్నాం. వాళ్ల టికెట్లు ఎయిర్‌లైన్ సైటులోనే కార్డుతో తీస్తాం. మిగిలిన యూఎస్‌డీసీని, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న హోటళ్ల వరకే వాడుకుంటాను. బిట్‌కాయిన్ బీరువాలోకి తిరిగి వెళ్లింది.